అందరి బటన్

ఆఫీసులో ఆమెను అందరూ బటన్లక్క అంటారు. కంపెనీలో ఏ టీము యాప్‌కి ఏ తెర తయారుచేసినా, దాని మీద బటన్లు, పెట్టెలు, జాబితాలు ఆమె నడిపే కోడ్ లైబ్రరీ నుంచే వెళ్తాయి. ఒకసారి చేసి పెడితే అందరూ వాడుకోవచ్చు, శ్రమ మిగులుతుందని పెద్దలు సెలవిచ్చారు. అందరికీ మిగిలింది, ఈమెకు తప్ప. పొద్దున్నే ఒకడు బటన్ మూలలు గుండ్రంగా కావాలంటాడు, సాయంత్రానికి ఇంకొకడు గుండ్రం వద్దంటాడు.

మొన్న మాత్రం ఎవరూ అడగకుండానే ఒక మార్పు చేసింది. అమ్మకు చేతులు వణుకుతాయి. వ్యాయామం కోసం ఆస్పత్రిలో సమయం తీసుకునే తెర కూడా ఈ బటన్లతో కట్టిందే. వణికే వేలికి ఒక నొక్కు రెండయ్యేది. మొదటిది సమయం ఖాయం చేస్తే, రెండోది అదే చోట ప్రత్యక్షమయ్యే 'రద్దు' మీద పడేది. ప్రతిసారీ కూతురే చేసిపెట్టాల్సి రావడం అమ్మకు నామోషీ. అందుకే ఒకసారి నొక్కాక, వెంటనే పడే రెండో నొక్కును బటన్ పట్టించుకోకుండా చేసింది.

ఇవాళ గోడౌన్ టీము కుర్రాడు వచ్చి నిలబడ్డాడు.

"అక్కా, మావాళ్లు ఆ బటన్ టకటకా కొట్టి సరుకు లెక్కేస్తారు. ఇప్పుడు సగం నొక్కులు పడట్లేదు."

"అంకె వేసుకునే పెట్టె ఇచ్చాను కదా, అది వాడరేం?"

"అలవాటైపోయింది కదక్కా."

మేనేజరు తేల్చేశాడు. "పాతదే పెట్టెయ్యమ్మా. కొత్తది కావాల్సినవాళ్లు ఆన్ చేసుకుంటారు."

ఆన్ చేయడానికి ఏ టీమైనా తమ కోడ్‌లో ఒక్క వరుస రాస్తే చాలు. ఆస్పత్రి తెర చూసే టీమును అడిగితే, వచ్చే నెల చూద్దామన్నారు. వాళ్ల వచ్చే నెల సంగతి ఆమెకు తెలియనిది కాదు. ఒళ్లు మండింది, కానీ పోట్లాడే ఓపిక లేదు. భోజనానికి లేచేలోపే పాత బటన్‌ను అందరికీ పంపేసింది.

అప్పుడే అమ్మ ఫోన్ చేసింది.

"పొద్దున నేనే చేసుకున్నానే. ఒక్క నొక్కుకే అయిపోయింది. పక్కింటావిడకి కూడా చూపించాను. ఇక నీకు నా గోల ఉండదులే."

ఆమెకు నిజం చెప్పడానికి నోరు రాలేదు. చెప్పకుండా ఊరుకుంటే, వచ్చే వారానికి తీసుకునేది రద్దయినప్పుడు అమ్మ తన చేతులనే తిట్టుకుంటుంది. ఫోన్ భుజానికి ఆనించి, కంప్యూటర్‌లో ఆస్పత్రి పేజీ తెరిచి నొక్కింది.

"వచ్చే వారానిది నేను చేసేశానమ్మా."



"బాగానే చేశాను కదే" అంది అమ్మ.