అరవై నాలుగు పేర్లు

వెండెల్ హుడాక్ చెప్పాల్సింది ఆ రోజే పూర్తి కావాలి. డాక్టరు వారమో పది రోజులో అన్నాడు. కంపెనీ లాయరు ప్రశ్నలకు జవాబులు చెప్పకుండా మనిషి పోతే ఆ వాంగ్మూలం చెల్లదు, కేసు అక్కడితో సరి. అందుకే ఫిబ్రవరిలో ఒక ఉదయం అతని ముందుగదిలో, ఆసుపత్రి మంచం చుట్టూ కుర్చీలు వేసుకుని కూర్చున్నాం.

నేను కోర్టు స్టెనోను. పేరు రోవీనా. ఇరవై రెండేళ్లుగా ఈ నది ఒడ్డు ఊళ్లలో ఊపిరాడని మగవాళ్ల మాటలు టైపు చేస్తున్నాను. విన్నది విన్నట్టు కొట్టడమే నా పని. నాకు అభిప్రాయాలు లేవని లాయర్ల నమ్మకం. బోలెడున్నాయి. వాటికి జీతమివ్వరు కాబట్టి ఇంటికి మోసుకుపోతాను.

వెండెల్ పవర్‌హౌస్‌లో ఆవిరి గొట్టాలకు ఆస్బెస్టాస్ పూత పూసేవాడు. బూడిదరంగు సంచుల్లో వచ్చే పొడిని బకెట్లో నీళ్లు పోసి చేత్తో కలిపేవాడు. అదే నలభై ఏళ్లకు ఊపిరితిత్తుల మీది పొరలో క్యాన్సరై తేలింది. కేసు ఆ సంచుల కంపెనీ మీదే. ప్రాణాలు తీస్తుందని తెలిసి కూడా వాళ్లు దాచారని పన్నెండు మంది జ్యూరీ ఒక్కసారి పైకి అంటే చాలు, అంతకుమించి అతనికి ఆశ లేదు.

ఈలోగా మా రాష్ట్రంలో కొత్త చట్టం వచ్చింది. ఆస్బెస్టాస్ కంపెనీలు చాలావరకు దివాలా తీసి, రోగుల కోసం ట్రస్టులు పెట్టి తప్పుకున్నాయి. ఆ ట్రస్టులకు పెట్టుకున్న ప్రతి అర్జీనీ విచారణకు ముందే బయటపెట్టాలంటుంది చట్టం. అక్కడొక కథ, ఇక్కడొక కథ చెప్పకూడదు కదా. న్యాయమైన మాటే. కాకపోతే పాత కాగితాలు తవ్వి తీయడానికి ఏడు నెలలు పట్టింది. మెట్లెక్కగలిగిన వెండెల్ ఆ ఏడు నెలల్లో మంచం దిగలేని స్థితికొచ్చాడు. చట్టం రాసినవాళ్లకు ఈ సంగతి తెలియదంటే నేను నమ్మను.

కంపెనీ లాయరు ప్రెస్కాట్ మర్యాదస్తుడు. మంచు అంటిందని బూట్లు గుమ్మంలోనే విప్పి వచ్చాడు. మేజోళ్లతో నిలబడే ఒక పాత అర్జీ కాగితం తీశాడు.

"ఈ సంతకం మీదేనా, హుడాక్ గారూ?"

"నాదే."

"పద్దెనిమిదేళ్ల కిందట ఒక ట్రస్టుకి పెట్టిన అర్జీ ఇది. పంతొమ్మిది వందల అరవై ఆరు నుంచి అరవై ఎనిమిది దాకా ఓడల రేవులో, వేరే కంపెనీ సరుకుతో పనిచేశానని ప్రమాణం చేశారు. అప్పుడు మీరు నిజంగా ఎక్కడున్నారు?"

"సైన్యంలో. జర్మనీలో."

"అయితే ఇది అబద్ధం."

వెండెల్ తరఫు లాయరు డెనీస్ చటుక్కున లేచి పది నిమిషాలు విరామం అడిగింది. ప్రెస్కాట్ వాకిట్లోకి వెళ్లాడు. నేను వంటింట్లోకి వెళ్లాను. ఆ ఇళ్ల గోడలు అట్టముక్కలే, వినకూడదనుకున్నా వినిపిస్తాయి.

"అది ఎవరు నింపారో మీకు గుర్తుందా?" అని డెనీస్ అడుగుతోంది.

"గుర్తులేదని చెప్పేయ్," అంది వెండెల్ భార్య ఇర్మా. "ఆ మందులు మింగాక నీకు మంగళవారమో బుధవారమో కూడా తెలీట్లేదు. ఎవడు కాదంటాడు?"

"బుధవారం," అన్నాడు వెండెల్. "ఇర్మా, అది నా చేతిరాతే. ఊళ్లో పెళ్లి శుభలేఖలన్నీ రాసినోణ్ణి, నా రాత ఎవడికి తెలీదే?"

"తెలిస్తే తెలిసింది! దొంగ కాగితాలు రాశానని నీ నోటితో నువ్వే చెప్తే, రేపు సంచుల సంగతి ఎవడు నమ్ముతాడు?"

  ఇర్మా అన్నది అక్షరాలా నిజం.

మళ్లీ అందరం కూర్చున్నాక వెండెల్ తనంతట తానే మొదలెట్టాడు. "ఆ కాగితం నింపింది నేనే బాబూ. యూనియన్ హాలు వెనకాల ఎక్స్‌రే లారీ వచ్చింది, ఓ శనివారం, ఊపిరితిత్తులు చూసి ట్రస్టు అర్జీలు పెట్టించడానికి. నేను కార్యదర్శిని. పట్నం నుంచి వచ్చిన లాయరు మనిషి ఓ కాగితమిచ్చి, ఇందులో ఉన్నట్టే అందరికీ దించెయ్ అన్నాడు. అది నిజంగా రేవులో చేసినోడిది. కాఫీ తాగుతూ, హాట్‌డాగులు తింటూ లైన్లో నిలబడ్డారు మావాళ్లు. గుంపులో గోవిందా. అరవై నాలుగు మందికి రాశా."

మా నాన్న లెస్టర్ వోయిట్ ఆ అరవై నాలుగు మందిలో ఒకడు. పోయి పదమూడేళ్లయింది. పెళ్లయ్యాక నా ఇంటిపేరు మారింది కాబట్టి ప్రెస్కాట్‌కు ఈ సంగతి తెలియదు.

ప్రెస్కాట్‌కు పండగలా ఉంది. చట్టం పుణ్యమా అని ఆ అరవై నాలుగు మంది జాబితా కూడా అతని దగ్గరే ఉంది. "పేర్లు వరసగా చదువుతాను. కాగితం నిజమో అబద్ధమో చెబితే చాలు."

డెనీస్ అడ్డు చెప్పబోయింది. "చదవనీ తల్లీ," అన్నాడు వెండెల్. "అన్నీ బయటపెట్టాలన్నారుగా."

"ఆండ్రేకో, పాల్."

"అబద్ధం. పాల్ తొంభై తొమ్మిదిలో పోయాడు, ఇదే జబ్బు. పడుకుంటే ఊపిరాడదని కుర్చీలోనే నిద్రపోయేవాడు. ఇద్దరం ఒకే బకెట్లో కలిపాం ఆ బూడిద సంచుల పొడి."

"అబద్ధమా కాదా అన్నంతవరకు చాలు."

"నువ్వడిగింది చెప్పాను కదా. మిగతాది నేను చెప్పాల్సింది."

"బార్టన్, క్లైడ్."

"అబద్ధం. వీడికి జబ్బూ లేదు, గిబ్బూ లేదు. వచ్చిన డబ్బుతో పడవ కొన్నాడు. ఇప్పటికీ చేపలు పడుతున్నాడు, వెధవ."

ప్రెస్కాట్‌కు కూడా నవ్వాగలేదు. కానీ పదిహేను పేర్లు దాటేసరికి అతని గొంతులో హుషారు పోయింది. అబద్ధాల జాబితా చదవబోయి చచ్చినవాళ్ల జాబితా చదువుతున్నానని తెలిసొచ్చినట్టుంది. వెండెల్ ఎవరినీ వెనకేసుకు రాలేదు, తనను కూడా. ఇలాంటి మనిషి మాట నమ్మని జ్యూరీ ఉంటే నాకు చూపించండి.

నలభయ్యో పేరు దాటాక ఊపిరి చాలక తల ఊపడం మొదలెట్టాడు. తల ఊపితే రికార్డులోకి ఎక్కదు. "మాటల్లో చెప్పండి," అని ప్రతిసారీ నేను అడగాల్సి వచ్చింది. ఇర్మా నన్ను కాల్చేసేలా చూసింది. ఆ చూపు నాకు దక్కాల్సిందే.

"వోయిట్, లెస్టర్."

వెండెల్ కళ్లు తెరిచి నా వైపు చూశాడు. నేనెవరో అతనికి తెలుసు. ఒక్కసారి తల అడ్డంగా ఊపి మళ్లీ కళ్లు మూసుకున్నాడు.

నేను ఊరుకోవచ్చు. రికార్డులో అక్కడ ఏమీ ఉండదు. డెనీస్ గడియారం చూసుకుంటోంది, ప్రెస్కాట్ వేలు అప్పుడే తర్వాతి పేరు మీదికి జారింది. మా నాన్న జన్మలో అబద్ధమాడలేదని మా అమ్మ ఇప్పటికీ చర్చిలో అందరికీ చెబుతుంది.

"మాటల్లో చెప్పండి, హుడాక్ గారూ," అన్నాను.

"వద్దులే అమ్మాయ్."

అది కూడా టైపు చేశాను. "మాటల్లో."

రెండేసి మాటలకు ఒకసారి ఆగుతూ చెప్పాడు. "అబద్ధం. లెస్టర్ ఒక్కడే దాన్ని చదివాడు. మొత్తం. నేనెప్పుడూ రేవు మొహం చూళ్లేదు వెండెల్, ఇది నాది కాదు అన్నాడు. నీ వెనకాల ఇంత లైనుంది, సంతకం పెట్టి తగలడరా అన్నా. అందరూ నవ్వారు. పెట్టాడు. జబ్బు నిజం. బూడిద సంచులు నిజం. ఆ సంతకం మాత్రం నేను పెట్టించిందే."

నాకు ఏడుపొచ్చింది. కోపం కూడా వచ్చింది, ఎవరి మీదో నాకే తెలియదు. చేతులు మాత్రం ఆగలేదు. 'నవ్వారు' దగ్గర తప్పు పడితే వెనక్కి వెళ్లి దిద్దాను.

ప్రెస్కాట్ కాగితం ఒళ్లో పెట్టుకుని, ఇక ప్రశ్నలు లేవన్నాడు. అంటే వాంగ్మూలం పూర్తయినట్టే. డెనీస్ గట్టిగా ఊపిరి వదిలింది. ఇర్మా అతని ఆక్సిజన్ మాస్కు సరిచేయడానికి లేచింది. వెండెల్ ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఇంకా ఇద్దరున్నారు," అన్నాడు. "చదువు బాబూ."

ప్రెస్కాట్ కాగితం మళ్లీ తీసుకున్నాడు.

"వాస్కో, జార్జ్."