మా అమ్మమ్మ అభ్యంతరం

డెబ్భై ఎనిమిదిలో నా పెళ్ళి ఆగిపోయినంత పనైంది. ఆపబోయింది పరాయివాళ్ళు కాదు, నన్ను పెంచిన మా అమ్మమ్మ సూరమ్మే!

మాలో పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు చర్చిలో ప్రకటన చదువుతారు. ఎవరికైనా అభ్యంతరముంటే లేచి చెప్పాలి. ఎవరూ లేవరు. గుమ్మం దిగుతున్నవాళ్ళని భోంచేసి వెళ్ళమన్నట్టు, అది మర్యాదకి అడిగే మాట. ఆ మూడో ఆదివారం అమలాపురం పాత చర్చిలో దానం అయ్యగారు నా పేరూ, మండపేట పాపారావు పేరూ చదివేసి, ఊపిరైనా తీసుకోకుండా పాట నంబరు చెప్పబోయారు. ఇంతలో ఆడవాళ్ళ వైపు నుంచి అమ్మమ్మ లేచింది.

“నాకు అభ్యంతరం ఉందండి.”

మగవాళ్ళ వైపు కూర్చున్న పాపారావుకి కత్తివేటుకి నెత్తురుచుక్క లేదు. ప్రకటన వింటానని వంక పెట్టుకుని నన్ను చూడ్డానికి వచ్చాడు పాపం! ఏ తప్పు చేశానా అని పుట్టినప్పటి నుంచీ చేసినవన్నీ వెతుక్కుంటున్నాడు.

“ఏమిటండీ మామ్మగారూ?” అన్నారు అయ్యగారు.

“బుధవారం పెళ్ళి. కొత్తది కడతామని రేపే చర్చి పడగొడతారంట. పిల్లని పందిట్లో నిలబెడతారంట. మా అమ్మ అచ్చమ్మ నన్ను కడుపులో పెట్టుకుని ఈ గోడలకి సున్నం మోసిందండి. నా పెళ్ళినాటికి గాలివాన కప్పు ఎత్తుకుపోయింది, పాకలో చేసేరు. నా కూతురి పెళ్ళికి దూలాలు చెదలన్నారు, బళ్ళో చేసేరు. మనవరాలికీ బయటేనా అండీ?”

“అది అభ్యంతరం కిందికి రాదండి.”

“ఉంటే చెప్పమన్నారా లేదా అండీ?”

“ఆయ్, అన్నానండి.”

“చెప్పేను కదండీ!” అని కూర్చుంది.

చర్చంతా నవ్వు. అయ్యగారు పుస్తకం అడ్డం పెట్టుకుని మరీ నవ్వారు. నేను మాత్రం సిగ్గుతో చచ్చిపోయాను. సాయంత్రానికల్లా పాపారావుకి ముందే పెళ్ళయి ఇద్దరు పిల్లలున్నారన్న కబురు అంబాజీపేట దాటిపోయింది.

పెళ్ళయ్యేదాకా చర్చి జోలికి పోవద్దని సంఘపెద్దలు తేల్చేసరికి సోమవారం మధ్యాహ్నమైంది. కాంట్రాక్టరు జగ్గయ్య ఒట్టి పనిరాక్షసుడు. అప్పటికే కప్పంతా ఊడదీసేశాడు.

“పెంకులన్నీ దింపేసేమండి మామ్మగారూ. ఇంక ఇందులో పెళ్ళేంటండీ?” అన్నాడు తల గోక్కుంటూ.

అమ్మమ్మ పైకి చూసింది. నీలంగా ఆకాశం. “పెంకులు మిషను దొరగారు వేయించేరు బాబూ. మా అమ్మ మోసింది గోడలకి. గోడలున్నాయా లేవా?”

“ఉన్నాయండి.”

“అయితే పందిరి సామాను తీసుకుపొమ్మనండి.”

అలా ఆకాశం కింద నా పెళ్ళి! ప్రసంగం మధ్యలో గోడమీద కాకి వాలి అయ్యగారికి పోటీగా అరిచింది. గాలికి నా ముసుగు లేచి వెళ్ళి పెళ్ళికొడుకు మేనత్త గొడుగుకి చుట్టుకుంది. దాన్ని విడిపించలేక ముగ్గురు తంటాలు పడుతుంటే నాకు నవ్వాగలేదు. పాపారావుకీ ఆగలేదు. ఇద్దరు పిల్లల తండ్రి అంత హాయిగా నవ్వుతాడా!

అయ్యగారు గొంతు సవరించుకున్నారు. “ఈ కన్యను ఇస్తున్నవారెవరు?”

ఆ ఒక్క మాటా తడబడకుండా చెప్పడానికి మా నాన్న ఆదివారం నుంచీ సాధన చేస్తున్నాడు. ఛాతీ విరిచాడు. నోరు తెరిచాడు.

“అచ్చమ్మ ఇస్తోందండి.”

అమ్మమ్మ! అరచెయ్యి గోడకి ఆనించి నిలబడింది. బుగ్గల మీదుగా నీళ్ళు కారిపోతున్నాయి. ఆవిడ ఏడవగా నేనెప్పుడూ చూడలేదు. నవ్వుతున్న నాకూ ఏడుపొచ్చేసింది. నాన్న నోరు మూసుకుని ఒక అడుగు వెనక్కి వేశాడు.

అయ్యగారు ఆ గోడవైపు తిరిగి తల వంచారు.

“ఆయ్, మంచిదండి అచ్చమ్మగారూ” అని, నా చెయ్యి తీసి పాపారావు చేతిలో పెట్టారు.