గన్నేరుకు మాన్పించిన నీళ్లు

డబ్బా నిండిన చప్పుడు వినగానే తవిటయ్య పంపు కట్టేసి నడుం వంచాడు. అది పాత నూనె డబ్బా. మూత కోసేసి అడ్డంగా చెక్క పిడి కొట్టుకున్నాడు. ముప్పై నాలుగేళ్లుగా టాటానగర్ లోకోషెడ్‌లో ఇంజన్లకు నీళ్లు పట్టే ఉద్యోగం. ఎడమ భుజం కిందికి జారింది, అరచేతులు కాయలు కాచాయి. అన్ని ఇంజన్ల దాహం తీర్చిన మనిషి, తన గుమ్మం ముందున్న ఏడు గన్నేరు చెట్లకు మాత్రం ఉగాది నుంచి నీళ్లు మాన్పిస్తున్నాడు.

మొదట రోజు విడిచి రోజు పోశాడు. తరవాత నాలుగు రోజులకోసారి, ఆపైన వారానికోసారి. చివరిసారి పోసి ఇవాళ్టికి పన్నెండు రోజులు. మే నెల ఎండకు గేటు పక్క చెట్టు ఆకులు పసుపు తిరిగి వేలాడుతున్నాయి. అది పోయిన భార్య ధనమ్మ నాటిన చెట్టు. బర్మామైన్స్ పేట రైల్వే క్వార్టర్ల బొగ్గు నుసి నేలలో గులాబీ బతకలేదు, మల్లె బతకలేదు. ఆవిడ పర్సుడీహ్ సంత నుంచి తడిగుడ్డలో చుట్టి తెచ్చిన గన్నేరు కొమ్మ బతికింది. మిగతా ఆరూ దాని కొమ్మలే.

పక్కింటి జోగమ్మ గోడ మీంచి చూసి ఉండబట్టలేకపోయింది.

"ఏటి తవిటయ్యన్నా, పచ్చటి సెట్లని ఎండగట్టి సంపేత్తన్నావు?"

"సంపడం కాదమ్మా, అలవాటు సేత్తన్నాను. నెలాకరికి రిటైరైపోతాను, క్వార్టరు ఒగ్గేయాల. కొత్తగా వచ్చీవోడు నీలు పోత్తాడేటి? సెట్టు ఏరు లోతుకి దిగితే దాని బతుకు అదే బతుకుద్ది. నానెల్లిపోనాక నువ్వూ పొయ్యకు. ఒట్టెయ్యి."

"సరేలే, ఒట్టు," అంది జోగమ్మ, ఈ మనిషికి మతి పోయిందనుకుంటూ. తవిటయ్య ఆ డబ్బా నీళ్లతో స్నానం చేసి డ్యూటీకి వెళ్లాడు.

సాయంత్రం వచ్చేసరికి ఆ చెట్టు మరీ వాడిపోయింది. ధనమ్మనే పస్తు పెట్టినట్టు తవిటయ్య గిలగిల్లాడిపోయాడు. గబగబా డబ్బా నింపి తెచ్చాడు. వంచబోయి ఆగాడు. చెట్టు మొదట్లో దించేసి, మెట్టు మీద కూర్చుని దానివంకే చూస్తుండిపోయాడు.

దీపాలు పెట్టేవేళ జోగమ్మ చూసేసరికి గోడకు ఒరిగి ఉన్నాడు. చొక్కా చెమటతో తడిసిపోయింది, ఊపిరి ఎగదన్నుతోంది. ఆవిడ కేకలేసి జనాన్ని పిలిచింది. చేతికందిన డబ్బాలోంచి దోసిలితో నీళ్లు తీసి గొంతులో పోసింది. ఒక గుక్క మింగాడు. రెండో గుక్క పెదవి పక్కనుంచి జారిపోయింది. చెట్టుకు పోయకుండా అట్టే పెట్టిన నీళ్లే తవిటయ్యకు ఆఖరి నీళ్లయ్యాయి.

మర్నాడు దహనం ముగిసి అందరూ తిరిగొచ్చాక, మిగిలిన నీళ్లు చెట్టుకు పోద్దామని జోగమ్మ డబ్బా ఎత్తింది. పసుపు ఆకులు రాలిన కొమ్మ చివర గోరంత చిగురు కనిపించింది. ముందురోజు వేసిన ఒట్టు గుర్తొచ్చింది.

"బతుకుద్దన్నావు గదన్నా," అని భోరున ఏడ్చి, డబ్బా దించేసింది.

గేటు పక్కన ఆ నూనె డబ్బా నీళ్లతో అలాగే ఉండిపోయింది. దాని చెక్క పిడి, తవిటయ్య పట్టుకునే చోట, నున్నగా అరిగి ఉంది.