తెలిసినావిడ ఒకావిడ

చార్టు మీద హక్కులు అని రాశాక సేవలు అనే మాటకి చోటు చాలదని ముందే చూసుకోవద్దూ, ప్రతిసారీ ఇదే తంతు, మొదటి మాట గుమ్మడికాయంత, చివరి మాట ఆవగింజంత, నేర బాధితుల హక్కులు అనేదాకా ఎర్ర స్కెచ్‌పెన్ను దర్జాగా నడిచొచ్చింది, సేవలు మాత్రం పోయి మూలన నక్కి కూర్చున్నాయి, పోనీలే, చదివేదెవరు గనక, రేపు ఇబ్రహీంపట్నం హాలుకొచ్చే ఆడవాళ్ళలో సగంమందికి చదువు రాదు, చదువొచ్చిన సగంమంది కళ్ళజోడు ఇంట్లో పెట్టి వస్తారు, అయినా చార్టు ఉండి తీరాలంటారు శౌరమ్మ మేడమ్, గోడకి ఏదో ఒకటి వేలాడుతుండాలమ్మాయ్, నీ మొహం చూడలేనప్పుడు వాళ్ళు చూసుకోడానికి, అంటారావిడ, ఏనాటినుంచో బెజవాడ కోర్టులో నల్లకోటు వేసుకుని తిరుగుతున్న మనిషి, ఆవిడ మాట కాదంటే ఎలా, అర్ఫా ఆవిడ దగ్గరే పని నేర్చుకుంది, ఫైళ్ళు మోయడం దగ్గర్నుంచి వీధివీధికీ వెళ్ళి ఆడవాళ్ళని కూర్చోబెట్టి మాట్లాడడం దాకా, మాట్లాడడం ఏమొచ్చిందిలే, పోయినసారి ఇదే ఇబ్రహీంపట్నంలో చట్టాల పేర్లు, సెక్షన్ల నెంబర్లు గడగడా అప్పజెప్పి, గర్వంగా గ్లాసెడు నీళ్ళు తాగి, ఎవరికైనా సందేహాలుంటే అడగండి అంటే, ముందు వరసలోంచి ముసలావిడ ఒకావిడ లేచి, అమ్మా రేషను కార్డులో మా కోడలి పేరు ఎప్పుడెక్కిస్తారు అని అడిగింది, హాలు హాలంతా నవ్వింది, టీ పోసే అతను కూడా నవ్వాడు, ఆ నవ్వు ఇప్పటికీ చెవుల్లో ఉంది, రేపు మళ్ళీ అదే హాలు, అదే టీ, రేపు గనక అలా అయిందా, ఇక మేడమ్‌కి మొహం చూపించక్కర్లేదు.

అందుకే ఈసారి ముందు ఇంట్లో ఒకసారి చెప్పి చూసుకుందామని అమ్మని ఎదురుగా కూర్చోబెట్టింది, సైదాబీ ఉయ్యూరు నుంచి వచ్చి వారం దాటింది, ఈమధ్య తరచుగానే వస్తోంది, వచ్చిన మనిషి ఊరికే ఉంటుందా, కొత్త చింతపండు వచ్చిందటగా తెప్పించవే అని తెప్పించుకుని, చాప పరుచుకుని గింజలు తీస్తోంది, ఎడమచేత్తో తీస్తోంది, కుడిచెయ్యి ఒళ్ళో కొంగు కింద పెట్టుకుంది, బాత్‌రూములో జారానే అని వచ్చినరోజే చెప్పింది, ఆసిమ్ చూసి, పదండత్తయ్యా, పెద్దాసుపత్రిలో ఎక్స్‌రే తీయిద్దాం అంటే, వద్దు బాబూ, ఉత్త వాపేగా, అదే తగ్గిపోద్ది అంది, అత్తగారు వద్దంటే అల్లుడేం చేస్తాడు, ఆటోనగర్ షెడ్డుకి పోయాడు, అర్ఫాకా ఈ వారమంతా ఊపిరి సలపని పని, సరేలే అనుకుంది, ఇంతలో మధ్యాహ్నం తమ్ముడు జాహిద్ ఫోను, అక్కా రేపు పొద్దున్నే బండి మీద వస్తన్నా, అమ్మని సంచి సర్దుకోమను, ఇంట్లో వండి పెట్టేవాళ్ళు లేక చస్తన్నా అని, వాడి పెళ్ళాం అఫ్సా పుట్టింటికి పోయి నెలవుతోంది, ఏదో మాటామాటా అనుకున్నారట, సరేరా అంది అర్ఫా, అమ్మకి చెప్పింది కూడా, అమ్మ సరే అనలేదు, వద్దూ అనలేదు, రేపేనా అంది, అంతే, మళ్ళీ చింతపండు.

సరే మొదలెడదాం, అక్కలారా చెల్లెళ్ళారా, ఛీ ఛీ, ఓట్లడిగేవాళ్ళ గోలలా ఉంది, అమ్మా, మన మీద ఎవరైనా దౌర్జన్యం చేస్తే ఆ తప్పు మనది కాదు, ఆఁ ఇది బాగుంది, దీంతోనే మొదలెట్టాలి, మన ఫిర్యాదు రాసుకున్నాక దాని కాపీ పైసా తీసుకోకుండా మన చేతికివ్వాలి, మన మాట రాసుకోడానికి ఆడవాళ్ళని స్టేషనుకి రమ్మనకూడదు, పోలీసులే ఇంటికి రావాలి, వకీలుని పెట్టుకోలేకపోతే ప్రభుత్వమే ఊరికే పెడుతుంది, దెబ్బలు తగిలితే ముందు పెద్దాసుపత్రికి వెళ్ళి చూపించుకుని రాయించుకోవాలి, మానిపోయాక వెళితే సాక్ష్యం మిగలదు, ఎలా ఉందమ్మా, అర్థమవుతోందా, అవుతోందిలేవే, అచ్చం మీ నాన్న గొంతే, కొట్లో బేరం ఆడినట్టుంది, అంది సైదాబీ, నవ్వి, ఒక గింజ తీసి, దాన్ని పళ్ళెంలో వెయ్యకుండా వేళ్ళమధ్య తిప్పుతూ, మా వీధిలో తెలిసినావిడ ఒకావిడ ఉందిలే, ఆవిడక్కూడా ఇయ్యన్నీ వర్తిస్తయ్యా అంది.

వచ్చేసింది తెలిసినావిడ, ఈవిడ రాని మీటింగు లేదు, ఈ చుట్టుపక్కల ఏ ఆడమనిషికీ ఏ కష్టమూ రాదు, వచ్చేదంతా ఆ తెలిసినావిడ ఒక్కదానికే, కృష్ణలంకలో ఒకామె కంటికింద కమిలిన చోటుని కొంగుతో కప్పుకుని మరీ, మాకు తెలిసినావిడ ఒకావిడుందండీ, ఆవిడ మొగుడు కొడతాడండీ అంది, అప్పటికి అర్ఫా కొత్త, ఆ తెలిసినావిడ మీరేనా అండీ అనేసింది, ఇంకేముంది, ఆమె కొంగు గడ్డం దాకా లాక్కుని వెళ్ళిపోయింది, మళ్ళీ ఆ వీధిలో ఒక్కళ్ళు నోరు విప్పితే ఒట్టు, మేడమ్ ఎంత తిట్టారని, నీకు బుద్ధుందటమ్మాయ్, ఆవిడెవరని అడక్కు, అడిగిన మనిషి మొహంలోకి చూడకు, గోడవైపు చూస్తూ జవాబు చెప్పు, పూర్తిగా చెప్పు, వినాల్సిన చెవి అక్కడే ఉంటుంది, అని, అప్పట్నుంచీ అర్ఫా గోడవైపే చూస్తోంది, ఎంత అలవాటైపోయిందంటే ఇప్పుడు సొంతింట్లో సొంత అమ్మ అడిగినా చార్టులోంచి తల ఎత్తకుండానే, ఎందుకు వర్తించవమ్మా, ఎవరికైనా ఒకటే, అనేసి నీలం పెన్ను మూత తీసింది.

కొట్టేది మొగుడు కాదనుకో, కొడుకనుకో, అప్పుడో, అంది అమ్మ. అబ్బ, ఎంత మంచి ప్రశ్న, రేపు హాల్లో ఎవరైనా ఇలా అడిగితే ఎంత బాగుణ్ణు, రేషను కార్డు కంటే వెయ్యిరెట్లు నయం, అర్ఫాకి ఎక్కడలేని హుషారూ వచ్చేసింది, కొడుకైతేనేంటమ్మా, పోయినేడాది అమల్లోకొచ్చిన గృహహింస చట్టం పెళ్ళాలకే అనుకుంటారందరూ, తల్లికీ వర్తిస్తుంది, అక్కచెల్లెళ్ళకీ వర్తిస్తుంది, ఆవిడ ఉంటున్న ఇంట్లోంచి ఆవిణ్ణి గెంటకూడదు, చెయ్యి చేసుకోకూడదు అని కోర్టు ఆర్డరిస్తుంది, రక్షణ అధికారి అని ఒకరుంటారు, వెళ్ళి చెప్పుకుంటే వాళ్ళే కాగితాలు రాసిపెడతారు, ఇది చార్టులో ఉండాల్సిందే, ఇంతసేపూ తట్టనేలేదు చూడు, తల్లికి కూడా, అని రాసి, తల్లి అనే మాట చుట్టూ నీలం డబ్బా కడుతూ, కేసు పెడితే పిల్లాణ్ణి జైల్లో వేస్తారా అని అమ్మ అడుగుతుంటే, ఉన్నపళంగా ఏం వెయ్యరమ్మా, ఆర్డరు మీరితే అప్పుడు, అని చెబుతూ, అయ్యో మంగళగిరి చీర ఇస్త్రీకి ఇవ్వనేలేదు, మేడమ్‌కి నేత చీర కడితేనే మర్యాదగా ఉన్నట్టు, ఇబ్రహీంపట్నం బస్సు ఆదివారాలు సరిగ్గా దొరకదు, తొందరగా బయల్దేరాలి, జాహిద్ వచ్చి అమ్మని తీసుకెళ్ళాకే బయల్దేరాలి, వాడు ఆలస్యం చేశాడంటే తన పని గోవిందా, అని ఇంకో పక్క అనుకుంటూ, ఆ కొడుకు తాగుతాడా ఏంటమ్మా అంది, మాటవరసకి.

తాగడే, తాగితే మత్తులో కొట్టాడులే అనుకోవచ్చు, యాపారం పడిపోయిన కాణ్ణుంచి కోపం, అన్నం చల్లారితే కోపం, తిన్నావా నాయనా అంటే కోపం, కోడలున్నన్నాళ్ళూ దాని మీద చూపించాడు, అది తెలివిగలది, పోయింది, ఈవిడెక్కడికి పోద్ది, మొన్న గజంబద్ద తీసుకుని మీదకొచ్చాడు, ఇలా చెయ్యి అడ్డం పెట్టింది, చేతిమీద పడింది, అంది సైదాబీ, ఏదో బజారులో ధరలు చెప్పినట్టు చెప్పి, పళ్ళెంలో గింజలు ఒకపక్కకి నెట్టింది.

ఏ వస్తువుతో కొట్టినా నేరమే అని ఒక మాట వెయ్యాలి, గజంబద్ద, ఈరోజుల్లో బట్ట కొలిచే గజంబద్ద ఎవరింట్లో ఉంటుందసలు, ఉయ్యూరులో ఆ వీధి నిండా చెరుకు బళ్ళు తోలేవాళ్ళూ ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళూ, వాళ్ళకి గజంబద్దతో పనేంటి, గజంబద్ద ఉండేది ఒక్క ఇంట్లోనే, రెండు చివర్లా ఇత్తడి తొడుగు, మధ్యలో నాన్న బొటనవేలు ఆనీ ఆనీ నున్నబడ్డ చోటు, ఖాజా మొహిద్దీన్ పరుపుల కొట్టు, దూది ఏకుతుంటే విల్లు టంగుటంగుమనేది, గాల్లో లేచిన దూదంతా నాన్న మీసాల మీద వాలేది, ఆ దూదికుప్ప మీద పడుకోబెడితే తప్ప జాహిద్ నిద్రపోయేవాడు కాదు, వాణ్ణి చంకనేసుకుని తిప్పింది అర్ఫాయే, వాడు ఆ గజంబద్దని కాళ్ళమధ్య పెట్టుకుని గుర్రమని కొట్టంతా పరిగెత్తేవాడు, పరుపు కొలవాలిరా ఇటివ్వరా అని నాన్న వెనకాల పరిగెత్తేవాడు, నాన్న పోయాక కొట్టు వాడిదైంది, ఫోము పరుపులొచ్చాక దూది పరుపు కుట్టించుకునేవాడు లేడు, పాపం వాడికీ కష్టమే, కష్టమైతే మాత్రం, వాడు అలాంటివాడు కాదు, అలాంటివాళ్ళు కృష్ణలంకలో ఉంటారు, ఇబ్రహీంపట్నంలో ఉంటారు, చార్టు పట్టుకుని వెళ్ళే చోట ఉంటారు, చార్టు రాసే ఇంట్లో ఎందుకుంటారు, అమ్మని సంచి సర్దుకోమను అన్నాడు, ఆ గొంతులో ఏముంది, ఏమీ లేదు, ఆకలేసి పిలిచే తమ్ముడి గొంతే, రేపేనా అంది అమ్మ, కొంగు కింద కుడిచెయ్యి, బాత్‌రూములో జారితే అరచెయ్యి దోక్కుపోవాలి గానీ ముంజేతి మీద అడ్డంగా నల్లటి చార ఎందుకు పడుతుంది, చూసింది, నిన్న అన్నం వడ్డించేటప్పుడు కళ్ళారా చూసింది, చూసి, కాస్త పప్పు వెయ్యమ్మా అంది.

అమ్మా అది నువ్వే కదే, వాడే కదే, అని అరిచెయ్యాలనిపించింది, ఫోను తీసి వాణ్ణి చెడామడా దులిపెయ్యాలని, తమ్ముడి మీద కోపం, అంతకన్నా అమ్మ మీద కోపం, కూతురు ఊరందరికీ హక్కులు చెబుతూ తిరుగుతుంటే ఆ కూతురికొక్క మాట చెప్పలేకపోయిందా అని, చెప్పలేదా, ఇంతసేపూ చెబుతోందిగా, డబ్బా కట్టుకుంటూ కూర్చున్నది ఎవరు మరి, కృష్ణలంక ఆమె కొంగు కళ్ళముందుకొచ్చింది, మీరేనా అండీ అన్న తన గొంతు వినబడింది, పళ్ళు బిగపట్టి నోరు మూసుకుంది, లేచి సరిగ్గా కూర్చుంది, అమ్మవైపు తిరగలేదు, ఎదురుగోడకి క్యాలెండరుంది, దానివైపు చూస్తూ, ఆవిడకి చెప్పమ్మా, అంది, ఆ తప్పు ఆవిడది కాదని చెప్పు, కేసు పెట్టాలో వద్దో ఆవిడిష్టం, పెట్టమనీ వద్దనీ ఎవరూ బలవంతం చెయ్యకూడదు, చెయ్యి మాత్రం వెంటనే చూపించుకోవాలి, జారాను గీరాను అనకుండా ఎలా తగిలిందో ఉన్నదున్నట్టు డాక్టరుకి చెప్పాలి, శౌరమ్మగారని ఒక మేడమున్నారు, ఆ కొడుకుని పిలిపించి మాట్లాడమంటే మాట్లాడతారు, వద్దంటే మాట్లాడరు, రక్షణ అధికారి, ఆర్డరు, ఊరికే ఇచ్చే వకీలు, గొంతు మీటింగు గొంతులాగే వస్తోంది, ఎక్కడాపాలో తెలియడం లేదు, అమ్మ అన్నీ వింది, మధ్యమధ్య ఆఁ అంది, ఊఁ అంది, అంతా అయ్యాక, నువ్వు చెప్పిందంతా బానే ఉందే, అంది, మరి రేపొద్దున్నే ఆ కొడుకు బండేసుకొచ్చి గుమ్మంలో నిలబడి పదమ్మా అంటే, ఆవిడేం చెయ్యాలి.

అది చార్టులో లేదు, ఎర్ర అక్షరాల్లో లేదు, నీలం అక్షరాల్లో లేదు, మూలన నక్కిన సేవల్లోనూ లేదు, కోర్టు ఆదివారం తియ్యరు, అధికారి రేపు ఆఫీసుకి రారు, మేడమ్ ఇబ్రహీంపట్నంలో ఉంటారు, గుమ్మంలో ఉండేది జాహిదూ అమ్మా తనూ, అంతే, ఈ చింతపండు ముందర కూర్చున్నప్పట్నుంచీ, అబ్బే, వారం కిందట సంచి పట్టుకుని ఉయ్యూరు బస్సు దిగినప్పట్నుంచీ అమ్మ అడుగుతున్నది ఒక్కటే, వాడొస్తే నన్ను పంపిస్తావా అని, అదొక్కటి తేలితే తక్కినవన్నీ తరవాత, మీటింగు కూడా తరవాతే, హాలు నవ్వితే నవ్వనీ, క్యాలెండరు మీంచి చూపు తియ్యకుండా, ఆవిడ కూతురు పంపించదమ్మా, అంది అర్ఫా.