రెండో వైపు చివర

నేను ఒక అరవై నిమిషాల క్యాసెట్‌ని. ముప్ఫై ఏళ్లుగా ఏడుపు పాటలు పాడి పాడి అలసిపోయాను. ప్రేమించినవాళ్లు రారు, వచ్చినవాళ్లు ఉండరు, వెన్నెల మాత్రం వేళకి వచ్చేస్తుంది. రెండు వైపులా ఇదే గోల. పన్నెండు పాటల్లో ఒక్కరైనా ఎదుటి మనిషిని నోరు తెరిచి అడిగిన పాపాన పోలేదు.

ఏదో ఫ్యాక్టరీలో ఖాళీగా పుట్టి, తాడేపల్లిగూడెంలో వీర్రాజు కొట్టుకి చేరాను. చీటీ మీద పాటలు రాసిస్తే క్యాసెట్‌లోకి ఎక్కించి ఇవ్వడం అతని పని. ఒకరోజు టైలరు ప్రమీల చీటీ తెచ్చింది. అతను చదివి, "అన్నీ ఇలాంటివేనాండీ?" అన్నాడు.

"అవేనండీ," అంది నేల చూస్తూ.

పాటలన్నీ ఎక్కించాక రెండో వైపు చివర మూడు నిమిషాలు మిగిలింది. వీర్రాజు షట్టరు సగం దించి, మైకు పట్టుకుని గొంతు సవరించుకున్నాడు. "ప్రమీల గారూ, నేనండి, వీర్రాజుని. మీరంటే నాకు ఇష్టమండి. మీకూ ఇష్టమైతే గురువారం ఓసారి కొట్టుకి రండి. రాకపోతే ఇంక ఆ మాటెత్తనండి." ఆ నాలుగు ముక్కలకే చొక్కా తడిసిపోయింది, పాపం.

ప్రమీల టేపురికార్డరు సెల్స్‌తో నడిచేది. సెల్స్ అయిపోతాయని ఆవిడకి మహా బెంగ. ఆఖరి పాట ముగియగానే టక్కున ఆపేసి, నన్ను బయటికి లాగి, పెన్సిలు దూర్చి వెనక్కి తిప్పేది. ఇంకొక్క నిమిషం ఆగవమ్మా తల్లీ అని లోపల ఎంత మొత్తుకున్నానో! ఏం లాభం? నాలో ఎక్కించిందే తప్ప నాకంటూ గొంతు లేదు కదా.

ఆ గురువారం ఆవిడ ఇంట్లోనే కూర్చుని జాకెట్లు కుట్టింది. "అంత చీటీ రాసిచ్చినా ఆ మనిషికి అర్థం కాలేదే," అని పక్కింటి స్నేహితురాలితో అంటుంటే వినలేక చచ్చాను. రెండేళ్లకి వీర్రాజుకి పెళ్లయింది. పెళ్లికూతురి జాకెట్లూ ఆవిడే కుట్టింది. తన పెళ్లి మాట ఎవరైనా ఎత్తితే మిషను గట్టిగా తొక్కేది.

పోయిన నెల వీర్రాజు చనిపోయాడు. ప్రమీల వెళ్లి, నలుగురిలో ఒకతెగా నిలబడి వచ్చింది. స్నానం చేసి, గుండీల డబ్బాలోంచి నన్ను తీయించింది. మేనకోడలు హేమ కొత్త సెల్స్ వేసి పెట్టింది. అరిగిపోయిన పాటలు, అక్కడక్కడ మూలుగులు. ఆఖరి పాటా అయింది. మోకాళ్ల నొప్పితో ప్రమీల ఆపడానికి లేవలేకపోయింది.

కాసేపు నిశ్శబ్దం. తర్వాత వీర్రాజు గొంతు సవరించుకున్నాడు. ఒక్కసారైనా మోగని ముక్క కదా, నిన్న ఎక్కించినట్టే ఉంది. "గురువారం ఓసారి కొట్టుకి రండి..."

ప్రమీల చేతిలో సూది ఆగిపోయింది.

"వెనక్కి తిప్పవే," అంది చివరికి.

హేమ బల్ల మీద వెతుకుతూ, "పెన్సిలేదత్తా? బటను నొక్కితే సెల్స్ అయిపోతాయంటావుగా," అంది.

"అయిపోనీవే," అంది ప్రమీల. "మళ్లీ పెట్టు."