గుట్ట మీద ఎర్ర గీతలు

గుట్ట సగం ఎక్కి వెనక్కి తిరిగిన లీదియాకు రెండు సంగతులు ఒకేసారి తెలిశాయి: రాళ్ల మీద తను గీసిన తెల్ల బాణాలు ఒక్కటీ లేవు, వెనక రావాల్సిన ఉజ్వలా లేదు.

కింద ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు మీద లేచిన పొగమంచు గుట్ట నడుము దాకా పాకింది. చెరువు లేదు, సాగర్ రోడ్డు లేదు, ఎక్కి వచ్చిన దారీ లేదు. మంచు మీద తేలుతున్నట్టు ఒకదాని మీద ఒకటి కూర్చున్న బండలు మాత్రం ఉన్నాయి. ఎక్కడో నెమలి అరిచింది. ఆ అరుపు ఎటు నుంచి వచ్చిందో చెప్పడానికి వీల్లేదు.

"ఉజ్వల ఏది?" అంది లీదియా.

వెంట ఎక్కిన నలుగురిలో ముందున్న వికాస్ మోకాళ్ల మీద చేతులు ఆనించి ఆయాసపడుతున్నాడు. హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగం. నాలుగు వారాలుగా వస్తున్నా ఆయాసం తగ్గలేదు.

"ఫోటోలు తీస్కుంట నిదానంగ వస్త అన్నది అక్కా. బాణాలు ఉన్నయి గద, మీరు నడువుండ్రి అన్నది."

"బాణాలేవి మరి?"

వికాస్ చుట్టూ చూశాడు. "నేను నీ బూట్లు చూస్కుంట ఎక్కిన. బాణాల సంగతి నాకేమెరుక?"

తప్పు తనదేనని లీదియాకు అర్థమైంది. ఈ గుట్ట ఆమెకు చిన్నప్పటి నుంచి ఎరుక. రాళ్లను చూడకుండానే ఎక్కేసింది. వెనకున్న కొత్తవాళ్లకు బాణాలే కళ్లని ఆ క్షణాన గుర్తుకు రాలేదు.

"ఎవ్వరూ ఇక్కడికెల్లి కదలొద్దు. నేనొచ్చేదాంక ఈ బండ కిందనే కూసోండ్రి," అని చెప్పి మంచులోకి దిగింది.

ఫోను తీసింది. సిగ్నల్ లేదు.

లీదియా మన్నెగూడలో ఒక ప్రైవేటు దవాఖానలో రక్తపరీక్షలు చేస్తుంది. ఆదివారం చర్చిలో పాటల గుంపులో ఉండాలి కాబట్టి శనివారం తెల్లవారుజామున హైదరాబాదు నుంచి వచ్చినవాళ్లను వెంటబెట్టుకుని గుట్ట ఎక్కిస్తుంది. ఇంట్లో మాత్రం డ్యూటీ అని చెబుతుంది. ఆమె బాపు సాల్మన్ రాజు జీవితమంతా ఈ గుట్ట ఎడమ పక్క క్వారీలో రాయి కొట్టినవాడు. ఆ దుమ్ము ఇప్పటికీ ఛాతీలో ఉంది. "ఆ గుట్ట పేరు ఇంట్ల ఎత్తొద్దు" అన్నాడు, క్వారీ మూతపడ్డ రోజున. ఆమె ఎత్తలేదు. ఎక్కుతోంది, అంతే.

బాణాలు గీసింది నిన్న మధ్యాహ్నమే. ఎవరైనా దారి తప్పితే ఫోనులో చెప్పడానికి వీలుగా ఒక్కో బాణం పక్కన ఒక నంబరు కూడా వేసింది.

ఇప్పుడు దిగే దారిలో బాణం ఉండాల్సిన తొలి బండ ముందు నిలబడింది. పెయింటును ఎవరో ఇసుకతో రుద్ది రుద్ది తీసేశారు. అక్కడ రాయి, కట్టు విప్పిన చోట చర్మంలా తెల్లగా ఉంది. దాని పక్కనే ఎర్రటి గీత. తర్వాతి బండ మీద ఇంకొకటి. ఆ తర్వాతి దాని మీద మరొకటి. అన్నీ ఎడమ పక్కకే పోతున్నాయి.

ఎడమ పక్కన ఉన్నది పాత క్వారీ. తాటిచెట్టు లోతు గుంత, అడుగున పచ్చటి నీళ్లు. అంచుకు కంచె లేదు.

లీదియా కాళ్లు వాటంతటవే వేగం అందుకున్నాయి.

"ఉజ్వలా..."

పిలుపు మంచులో దూదిలా నానిపోయింది. సీతాఫలం కొమ్మలు చెంపలకు తగిలి తడి చల్లాయి. తంగేడు పూలు గాలిలో వేలాడుతున్న పసుపు చుక్కల్లా కనిపించి మాయమయ్యాయి. నడుస్తుంటే తనే నిలబడి ఉన్నట్టు, బండలే ఒకటొకటిగా ఎదురొచ్చి పక్కకు తప్పుకుంటున్నట్టు అనిపించింది. భయపడాల్సిన చోట ఇంత అందమేమిటి అనుకుంది ఒక్క క్షణం. ఉజ్వల కూడా ఇలాగే అనుకుంటూ, ఫోను ఎత్తి పట్టుకుని నడిచి ఉంటుంది.

ఇంకో ఎర్ర గీత. ఈసారి వంగి వేలితో తాకింది. వేలికి ఎర్రమన్ను అంటింది. జాజు.

గీత వెంట్రుకవాసి వంకర లేదు. కుంచెతో ఎవరూ అంత తిన్నగా గీయలేరు. నూలు దారాన్ని జాజు నీళ్లలో ముంచి, రెండు కొసలూ రాయికి అదిమిపట్టి, నడుమ లాగి వదిలితే పడే గీత అది. రాయిని ఎక్కడ చీల్చాలో చెప్పే గీత. బడి సెలవుల్లో ఆ దారం రెండో కొస ఎన్నిసార్లు పట్టుకుందో ఆమెకు లెక్క లేదు.

బాపు ఇప్పుడు బస్టాండ్ దగ్గర చాయ్ తాగుతుంటాడు, అని తనకు తాను చెప్పుకుంది. రోజూ రెండు పూటలా అక్కడికే పోతాడు. ఈ చుట్టుపక్కల రాయి కొట్టినవాళ్లు ఒక్కరా ఇద్దరా? ఎవరైనా గీసి ఉండవచ్చు. ఎందుకు గీశారో తర్వాత చూసుకోవచ్చు. ముందు ఆ పిల్ల దొరకాలి.

నేల మారింది. బూటు కింద కంకర గలగలలాడింది. అంటే అంచు దగ్గరికొచ్చింది. లీదియా అడుగు ఆపి, రాళ్లు తడుముకుంటూ కూర్చునే ముందుకు జరిగింది. ఎదురుగా మంచు తప్ప ఏమీ లేదు. ఒక గులకరాయి ఆమె కాలు తగిలి దొర్లింది. చాలాసేపటికి, లోపలెక్కడో నీళ్లు చిన్నగా పలికాయి.

అప్పుడు వినపడింది దగ్గు.

పొడి దగ్గు. మధ్యలో ఈలలాంటి ఊపిరి. పక్కగదిలోంచి రాత్రిళ్లు వినీ వినీ నిద్రలో కూడా పోల్చుకోగల దగ్గు.

అటు పాకింది. మంచులోంచి ముందు ఒక పసుపు జాకెట్టు, తర్వాత తలగుడ్డ చుట్టుకున్న మనిషి బయటపడ్డారు. ఉజ్వల అంచుకు రెండు బారల దూరంలో కూలబడి ఉంది. ఆమె మణికట్టు సాల్మన్ రాజు చేతిలో ఉంది. పడిపోయే వస్తువును పట్టుకున్నట్టు రెండు చేతులతో పట్టుకున్నాడు, ఇంకా వదల్లేదు.

"అక్కా," అంది ఉజ్వల. "తెల్లవి కనిపియ్యలే. ఎర్రవి ఉన్నయ్. నువ్వే కొత్తగ గీసినవేమో అనుకున్న. మంచు ఎంత బాగుందో అని చూస్కుంట వచ్చిన. ఈ తాత లేకుంటే..."

లీదియా ఆ పిల్లను గట్టిగా ఒళ్లోకి లాక్కుంది. అప్పుడు గానీ ఆయన చేయి వదల్లేదు.

"నువ్వేంది ఈడ?" అన్నాడు సాల్మన్ రాజు కూతురిని చూసి. "డ్యూటీ అంటివి."

"నువ్వు బస్టాండ్ కాడ చాయ్ అంటివి."

ఉజ్వల ఒకసారి ఈమెను, ఒకసారి ఆయనను చూసింది.

"ఆ తెల్ల బాణాలు నావి బాపు," అంది లీదియా చివరికి. "ఈ పిల్లలకు దారి తెలువాలని నేను గీసిన. నంబర్లు గూడ నేనే ఏసిన."

ఆయన ముఖంలో రంగు దిగిపోయింది. తలగుడ్డ విప్పి ఒళ్లో పెట్టుకున్నాడు. వేళ్ల సందుల్లో జాజు ఎర్రగా ఎండి ఉంది. దాన్ని దాచే ప్రయత్నం చేయలేదు.

"దారికా?" అన్నాడు. ఊపిరి కూడదీసుకుని మెల్లగా చెప్పాడు:

"చెరిపింది నేనే బిడ్డా. నిన్న పొద్దూకేటప్పుడు ఇసుక తోని రాకి రాకి చెరిపిన. గీతలు గూడ నేనే కొట్టిన. చాయ్ అని చెప్పి రోజూ ఇటే వస్త. పొద్దంత కాగిన బండకు ఈపు ఆనిచ్చి పంటె దమ్ము జర అల్కగైతది. నిన్ను రావొద్దంటి గద, నేను వస్తున్న అని ఏ మొకం పెట్టుకొని చెప్పాలె? నిన్న వచ్చేసరికి బండ మీద బాణం, బాణం పక్కకు నంబరు. డ్రిల్లు దించే ముందు మేమూ గట్లనే ఏసేటోళ్లం. దారి పక్క గూడ కొట్టనీకె వచ్చిన్రు అనుకున్న. ఈ గుంత పక్క మొత్తం నా చేతుల మీదనే కంకరైంది. మిగిలిందొక్కటన్న ఉండనియ్యాలె అనిపిచ్చింది. ఎవ్వర్నీ అడగలే. అడిగితె, నువ్వెందుకు పోయినవ్ గుట్ట మీదికి అంటరు. అందుకే గీతలు ఇటు గుంజిన. ఈ అంచు కాడ మిగిలిన రాయి పొరలు పొరలు, దేనికీ పనికి రాదు. మిషనోళ్లు గీతల ఎంబడి వచ్చి, ఈ రాయి చూసి, తిట్టుకుంట పోతరు, చాటుకు కూసొని నవ్వుకుంట చూద్దామని పొద్దుగాలనే వచ్చిన. వచ్చింది ఈ పిల్ల. కలల నడిచినట్టు సీదా అంచుకు వచ్చింది. ఆగు అని ఒర్రుదామంటె గొంతు రాలే, దగ్గు వచ్చింది. ఆ సప్పుడుకు ఆగింది గని నా మాటకు కాదు, అప్పుడే చెయ్యి పట్టి ఎనుకకు గుంజిన. ఇంకో అడుగేసుంటె సంపినోణ్ని నేనే. పోలీసోళ్లకు చెప్తవో, పాస్టరుకు చెప్తవో నీ ఇష్టం. మిషనోళ్లు చేసిన్రనో, పోరగాళ్లు చేసిన్రనో ఇంకోళ్ల మీద మాత్రం పెట్టకు. సాల్మన్ రాజు చేసిండు అని చెప్పు."