ఆకాశం తిప్పేవాడు

చర్చి పైకప్పు దూలాల మీద బిందో బోర్లా పడుకుని చక్రం ఇరుసుకు కొవ్వు పూస్తున్నాడు. వేళ్లు లోపలికి పోనిచ్చి, ఇనుము పట్టేసిన చోటల్లా రుద్దుతున్నాడు. పొద్దుటినుంచీ ఎడమ చెయ్యి మొద్దుబారి ఉంది. గుండెల్లో ఎవరో పిడికిలి బిగించినట్టుంది. చెబితే పండగపూట చక్రం ఇంకొకడి చేతిలో పెడతారని నోరు విప్పలేదు.

ఏడాది పొడుగునా అతను ఆర్నో నది ఒడ్డున మురికి ఉన్ని కడుగుతాడు. ఈ ఒక్కరోజు మాత్రం ఫ్లోరెన్సు జనానికి ఆకాశం తిప్పి చూపిస్తాడు. దూలాల కింద ఒకదానిలో ఒకటి ఇమిడిన చెక్క వలయాలున్నాయి. చంద్రుడి నుంచి శని దాకా ఒక్కొక్కరికి ఒక్కో వలయం, వాటికవతల చుక్కల దీపాలు, అన్నిటికీ బయట వాటన్నిటినీ తిప్పే పెద్ద చక్రం. అది ఆగిననాడే లోకానికి ఆఖరని పాదిరి ఏటా బెదిరిస్తాడు. ఆ చక్రం పిడికి అటు తోటి పనివాడు లాపో, ఇటు బిందో. పిడి తిప్పితే వలయాలు తిరుగుతాయి, తాడు వదులై దేవదూత కిందికి దిగుతాడు. ఈ ఏడు దేవదూత వేషం బిందో తమ్ముడి కొడుకు తద్దేయోది. తమ్ముడు ప్లేగులో పోతే వాణ్ణి బిందోయే పెంచాడు.

"తుమ్మకు మామా, శని ఊగిపోతాడు," అన్నాడు లాపో.

"నువ్వు గుర్రుపెట్టకుండా ఉండు, చాలు."

పొద్దున ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు భార్య తెస్సా అడ్డం నిలబడింది. "మొహం అలా పాలిపోయిందేమయ్యా? ఈ ఒక్క ఏడూ నా పక్కన నుంచుని చూడకూడదూ? ఇన్నేళ్లు తిప్పావు, కిందనుంచి ఒక్కసారైనా చూశావా?"

"నేను చూస్తూ నుంచుంటే తిప్పేదెవరే, మీ నాన్నా? వచ్చే ఏడు చూస్తాలే."

పాట మొదలైంది. తద్దేయో సగం దూరం దిగాడో లేదో, పైన వలయాల పక్కన దూదితో చేసిన మబ్బుకు దీపం తగిలి నిప్పంటుకుంది. లాపో పిడి వదిలి తడిగుడ్డతో పరుగెత్తాడు. బరువంతా బిందో మీద పడింది. అప్పుడే నొప్పి భుజంలోంచి దవడ దాకా పాకింది. కేకేస్తే నిప్పని తెలిసి కింద జనం తొక్కుకు చస్తారు. పట్టు సడలితే తద్దేయో రాతినేల మీద పడతాడు. బిందో రొమ్ముతో పిడిని అదిమి, కుడిచేత్తో నడుముకున్న తోలు పటకా ఊడలాగి, పిడికీ పక్కనున్న స్తంభానికీ కలిపి చుట్టాడు. ఒక కొస పళ్లతో పట్టి ముడి బిగించాడు.

ఆకాశం ఆగిపోయింది.

పాట తెగింది. గాలిలో వేలాడుతూ తద్దేయో సన్నగా పిలిచాడు. "పెదనాన్నా?"

"ఉన్నాన్రా."

బిందో స్తంభానికి జారగిలబడ్డాడు. కింద జనం, లోకం అయిపోయిందనుకుని ఏడుస్తూ మోకాళ్ల మీద పడ్డారు. తెస్సా ఒక్కతే మోకరించలేదు. గుంపును తోసుకుంటూ మెట్లవైపు పరుగెత్తింది.

లాపో మసిచేతులతో తిరిగొచ్చాడు. "ఆర్పేశాను మామా, ఇక పట్టు."

బిందో తల భుజం మీదికి వాలిపోయి ఉంది, రొమ్ము కదలడం లేదు. లాపో కేకకు నలుగురు ఎక్కివచ్చి పిడి పట్టుకున్నారు. ముడి ఎవరి గోళ్లకూ లొంగకపోతే పటకాను కత్తితో కోశారు. మెల్లగా తద్దేయో పాదాలు నేలను తాకాయి. ఆయాసపడుతూ వచ్చిన తెస్సా భర్త తల ఒళ్లోకి తీసుకుంది. "చూద్దువుగాని దిగవయ్యా," అని చాలాసేపు అడిగింది.

సాయంత్రానికి దీపాలు తీసేశారు, వలయాలు విప్పేశారు. స్తంభానికి పటకా ముక్క ఒకటి మిగిలింది, ముడి పక్కన పళ్లగాట్లతో.